ప్రిన్సిపాలుగారి గది

మన విద్యార్థులకు ప్రిన్సిపాలుగారి గదితో పని రెండుసార్లే: చేరేటప్పుడొకసారి, టీ.సీ. కోసం ఒకసారి. మధ్యలో పిలుపు వచ్చిందంటే గుండెల్లో రాయి పడ్డట్టే. ఆ గదిలో కూర్చునే మనిషి వల్ల కాలేజీకి ఒరిగేదేమిటని ఎవరైనా అడిగితే, రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో ఒకే కుర్చీలో కూర్చున్న ఇద్దరు దొరల కథ చెప్పాలనిపిస్తుంది.

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చారు. ఆయన ఉపన్యాసాలను చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు తెలుగులో వినిపించారు. ఊరు ఊగిపోయింది. కుర్రాళ్ళు వందేమాతరం బాడ్జీలు పెట్టుకుని క్లాసులకు వచ్చారు. తీసెయ్యమన్నాడు ప్రిన్సిపాలు మార్క్ హంటర్. వాళ్ళు తియ్యలేదు. శిక్షలు పడ్డాయి. ట్రైనింగ్ కాలేజీలో చదువుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని వెళ్ళగొట్టారు. మరుసటి ఏడాదికల్లా ఆయన పత్రిక నడిపి జైలుకు పోయారు! హంటర్ సర్కారు ఉద్యోగి. బాడ్జీని చూసీ చూడనట్టు ఊరుకోవడం ఆయనకు సులువు కాదు, ఒప్పుకుందాం. కానీ క్రమశిక్షణ నిలబెట్టిన ఆ ప్రిన్సిపాలు పేరు ఈనాడు మనకు తెలిసింది, ఆయన వెళ్ళగొట్టిన విద్యార్థి పుణ్యమా అనే.

తరవాత 1909లో అదే కుర్చీలోకి ఆస్వాల్డ్ కూల్డ్రే వచ్చాడు. ఆయనా ఇంగ్లీషువాడే, అదే సర్కారు జీతగాడే. అయితే స్వయంగా బొమ్మలు వేసేవాడు, రాసేవాడు. తన దగ్గర చదివే కుర్రాళ్ళలో ఎవరికి ఏ గీత వస్తుందో, ఎవరికి పద్యం వస్తుందో కనిపెట్టేవాడు. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు, దామెర్ల రామారావు ఆయన చేరదీసినవాళ్ళే. ఆర్ట్స్ కాలేజీ అని పేరేగాని అక్కడ నేర్పేది చిత్రకళ కాదాయె! అందుకని రామారావును బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపే పూచీ ఆయనే పెట్టుకున్నాడు. ఆ పని చెయ్యమని ఏ రూల్సు పుస్తకమూ చెప్పలేదు. రామారావు తిరిగొచ్చి రాజమండ్రిలోనే శిష్యుల్ని తయారుచేశాడు. 1925లో, 28 ఏళ్ళు నిండకుండానే మశూచితో పోయాడు. ఆయన బొమ్మలు మన ఊళ్ళో ఆయన పేరిటి గ్యాలరీలో ఉన్నాయి. చూడనివాళ్ళు ఒక సాయంత్రం వెళ్ళిరండి.

కాకినాడ మిత్రులు ఊరుకోరని తెలుసు. పిఠాపురం రాజావారి కాలేజీకి 1904 నుంచి 1919 దాకా ప్రిన్సిపాలు రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు. అప్పటికది సర్కారు కాలేజీ కాదు, మహారాజావారి అండ ఉంది. ఆ సదుపాయం ఒప్పుకోవలసిందే. అయినా ఆడపిల్లల్నీ, అంటరానివాళ్ళని ఊరు దూరం పెట్టిన పిల్లల్నీ కాలేజీలోకి తెచ్చి కూర్చోబెట్టడానికి డబ్బొక్కటే చాలదు. ఊరి పెద్దల ముఖం చూసి నిలబడగల గుండె కావాలి. తెల్లబట్టల నాయుడుగారికి అది ఉంది. తరవాత 1925లో మద్రాసు యూనివర్సిటీ వైస్ ఛాన్సలరయ్యారు.

ఆయనకు పదిహేనేళ్ళు, కూల్డ్రేకు పదేళ్ళు దొరికాయి. మన ప్రభుత్వ కాలేజీల ప్రిన్సిపాళ్ళు చాలామంది సర్వీసు చివర్లో, సీనియారిటీ మీద ఆ గదికి వస్తారు. కుర్రాళ్ళ పేర్లు తెలిసేలోపే బదిలీయో, రిటైర్మెంటో. కొన్నిచోట్ల ఇన్‌ఛార్జీలతోనే ఏళ్ళు గడుస్తాయి. అలాంటివారిని పట్టుకుని నాయుడుగారిలా లేరేమని దెప్పడం న్యాయం కాదు. కానీ కూల్డ్రే చేసిన పనికి పదేళ్ళు పట్టలేదే! ఒక కుర్రాడు గీసిన బొమ్మను ఆగి చూడడానికి ఎంతసేపు కావాలి? ఈసారి యూనియన్‌వారు ప్రిన్సిపాలుగారి గదికి వినతిపత్రం పట్టుకెళ్ళేటప్పుడు, బొమ్మలు వేసేవాణ్ణి కూడా వెంట తీసుకెళ్తే బాగుంటుంది.