జలుబుకు యాంటీబయాటిక్ ఎందుకు?

గురుకులంలో నేను ప్రతిశ్యాయమని అభ్యసించిన జలుబు సాధారణంగా వైరస్ వల్ల కలుగుతుంది. యాంటీబయాటిక్ బాక్టీరియాపైనే పనిచేస్తుంది. అయినా నిరుడు మిగిలిన అమాక్సిసిలిన్ బిళ్లలను పిల్లలకు వేసి, ఆపై కషాయం కోసం నా వద్దకు వచ్చే తల్లులు ఎందరో! అనవసరంగా వాడినకొద్దీ మందుకు లొంగని బాక్టీరియా ప్రబలుతుంది. అట్టపై నిలువు ఎర్రగీత ఉన్న మందును వైద్యుని చీటీ లేనిదే కొనరాదు. వారం పది రోజులలో తగ్గే జలుబుకు శొంఠి, మిరియాలు, తులసి కలిపిన పలుచని కషాయం ఉపశమనమిస్తుంది.

అయితే దగ్గు, జలుబు లేకుండా జ్వరంతో గొంతు తీవ్రంగా నొప్పిపెడితే అది స్ట్రెప్టోకాకస్ కావచ్చు. ఉపేక్షిస్తే రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు చెడిపోయే ప్రమాదముంది. అటువంటి బిడ్డను నేను కషాయంతో సరిపెట్టక వెంటనే అల్లోపతీ వైద్యుని వద్దకు పంపుతాను. ఆయన పెన్సిలిన్ పది రోజులు వాడమంటే, మూడవనాడే జ్వరం తగ్గినా పది రోజులూ వాడాలి.