గింజలోని జున్ను

పాలు విరిగితే ఇంట్లో అందరూ నొచ్చుకుంటారు. తూర్పు ఆసియా దేశాలలో మాత్రం పాలను కావాలని విరగ్గొట్టడానికే తెల్లవారకముందే లేచి పొయ్యి వెలిగించే పనివారు వందల ఏళ్లుగా ఉన్నారు. అయితే అవి ఆవుపాలు కావు, గేదెపాలు కావు. సోయాచిక్కుడు గింజలను నానబెట్టి, రుబ్బి, పిండగా వచ్చిన పాలు. ఆ పాలు విరిగాక నీటిని వార్చి, బరువు పెట్టి అదిమితే తెల్లని మెత్తని గడ్డ తయారవుతుంది. దానినే టోఫు అంటారు. చూడటానికి పన్నీరులా ఉంటుంది కనుక మన దేశపు దుకాణాలలో దీనిని 'సోయా పన్నీరు' అని కూడా పిలుస్తారు.

టోఫు పుట్టిల్లు చైనా. క్రీస్తుపూర్వం రెండవ శతాబ్దంలో హ్వైనాన్ ప్రాంతాన్ని ఏలిన ల్యూ ఆన్ అనే ప్రభువు దీనిని కనిపెట్టాడని అక్కడివారు చెప్పుకుంటారు. అది కథే గాని, దానికి ఆ కాలపు ఆధారం లేదు. టోఫు పేరు రాతలో కనిపించేది క్రీస్తుశకం పదవ శతాబ్దంలో. మాంసం ముట్టని బౌద్ధ మఠాలలో దీనికి మంచి ఆదరణ లభించింది. జపానులోని ఒసాకా నగరంలో 1782లో నూరు రకాల టోఫు వంటలు చెప్పే పుస్తకం అచ్చయింది. అంతకు కొద్దికాలం ముందే, 1770లో, లండన్‌లో ఉన్న బెంజమిన్ ఫ్రాంక్లిన్ అమెరికాలోని స్నేహితునికి సోయా గింజలు పంపుతూ, చైనావారు వీటితో జున్ను చేస్తారట అని ఎంతో కుతూహలంగా ఉత్తరం రాశాడు.

మన దేశానికి సోయా గింజ కొత్తదేమీ కాదు. కుమావూ కొండలలో నల్ల సోయా గింజలను 'భట్' అనే పేరుతో తరతరాలుగా వండుకుంటున్నారు. నాగాలాండ్, మణిపూర్, సిక్కిం రాష్ట్రాలలో వాటిని ఉడికించి, పులియబెట్టి తింటారు. 1935లో గాంధీజీ సోయా గింజల ఆహారపు విలువను గురించి 'హరిజన్' పత్రికలో రాశారు. వార్ధాలోని మగన్‌వాడీలో వాటిని వండి తిని చూశారు కూడా. 1960 తరువాతి సంవత్సరాలలో పంత్‌నగర్, జబల్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయాల కృషితో ఈ పంట పెద్ద ఎత్తున సాగులోకి వచ్చింది. నేడు మధ్యప్రదేశ్, మహారాష్ట్రలు ఈ పంటకు ముఖ్య స్థానాలు. తెలుగు మాట వినిపించే నాందేడ్, బీదర్, ఆదిలాబాద్ ప్రాంతాలలోనూ వానకాలంలో సోయా చేలు పచ్చగా కనిపిస్తాయి.

ఇంత పండినా ఈ గింజ పండించినవారి కంచంలోకి వచ్చేది తక్కువ. పంటలో ఎక్కువ భాగం నూనె మిల్లులకు పోతుంది. నూనె వంటింటికి చేరుతుంది. మాంసకృత్తులు నిండిన పిండి మాత్రం కోళ్ల దాణాకు, ఎగుమతికి పోతుంది. తెలుగు ఇళ్లలో కూరలో వేసే 'మీల్‌మేకర్' కూడా నూనె తీసిన పిండితో యంత్రాల మీద తయారైనదే. టోఫు అలా కాదు. దోసెల పిండి రుబ్బుకోగల ఏ ఇంట్లోనైనా దానిని చేసుకోవచ్చు.

నూరు గ్రాముల కందిపప్పులోగాని, పెసరపప్పులోగాని మాంసకృత్తులు సుమారు 22 నుంచి 24 గ్రాముల దాకా ఉంటాయి. సోయా గింజలలో 36 నుంచి 40 గ్రాముల దాకా ఉంటాయి. నూనె మరో 20 గ్రాముల వరకు ఉంటుంది. అంత బలమైన గింజను కందిపప్పులాగే ఉడకబెట్టి తినవచ్చు కదా అనిపిస్తుంది. తినవచ్చు గాని అది అంత సులభంగా లొంగదు. ఎంత ఉడికినా గట్టిగానే ఉంటుంది. పచ్చి చిక్కుడు వాసన ఒక పట్టాన పోదు. అందులోని కొన్ని చక్కెరలు మన పేగులలో అరగక వాయువును పుట్టిస్తాయి. అన్నిటికన్నా ముఖ్యమైన అడ్డంకి మరొకటి ఉంది. మాంసకృత్తులను అరిగించే ట్రిప్సిన్ అనే జీర్ణరసాన్ని పనిచేయనివ్వని పదార్థం పచ్చి సోయా గింజలో ఉంది. అంటే తన బలాన్ని ఇతరులకు దక్కనివ్వకుండా ఆ గింజ తానే తాళం వేసుకుంది. టోఫు తయారీలోని ఒక్కొక్క పనీ ఆ తాళాన్ని కొంచెం కొంచెంగా తీస్తుంది.

పావుకిలో గింజలను ఏరి, కడిగి, రాత్రి నానబెట్టాలి. ఎనిమిది నుంచి పది గంటలు నానాలి. ఎండాకాలంలో ఆరు గంటలు చాలు. ఎక్కువసేపు ఉంచితే పులిసిపోతాయి. బాగా నానిన గింజను రెండుగా చీలిస్తే లోపలంతా ఒకే రంగులో ఉంటుంది. నడుమ పసుపుపచ్చని గుంట కనిపిస్తే ఇంకా నానాలని గుర్తు. నానిన నీటిని పారబోసి, గారెల పప్పును కడిగినట్లు చేతులతో పులిమి కడిగితే పొట్టు తేలిపోతుంది. పొట్టంతా పోకపోయినా నష్టం లేదు.

తరువాత రుబ్బాలి. ఇక్కడ ఒక చిన్న మెలకువ ఉంది. సోయా గింజకు సహజంగా చిక్కుడు వాసన లేదు. గింజ నలిగి నీరు తగిలిన క్షణంలో అందులోని ఒక ఎంజైము నూనెతో కలిసి ఆ వాసనను పుట్టిస్తుంది. వేడికి ఆ ఎంజైము నశిస్తుంది. అందుచేత చన్నీళ్లకు బదులు బాగా కాగిన నీళ్లు పోసి రుబ్బితే వాసన చాలావరకు తగ్గుతుంది. మిక్సీలో వేడినీళ్లు పోసేటప్పుడు సగానికి మించి నింపకూడదు, మూతను గుడ్డతో అదిమి పట్టుకోవాలి. ఈ పని పెద్దవారే చేయాలి. మొత్తం మీద రెండు లీటర్ల నీళ్లు పడతాయి. రుబ్బిన పిండిని పల్చని నూలుగుడ్డలో పోసి మూటకట్టి గట్టిగా పిండితే కింద పాలు, మూటలో పిప్పి మిగులుతాయి. పిప్పిని పారవేయరాదు, దాని సంగతి చివర వస్తుంది.

ఇక పాలు కాచాలి. అడుగు మందంగా ఉన్న పెద్ద గిన్నె కావాలి. ఈ పాలు త్వరగా అడుగంటుతాయి కనుక గరిటెతో అడుగు కలుపుతూనే ఉండాలి. ఇంకా మరగకముందే నురగ పైకి పొంగుతుంది. దానిని చూసి పాలు కాగాయని దించివేయడం చాలామంది చేసే పని. అది నిజమైన పొంగు కాదు. సోయాలో సాపోనిన్లు అనే నురగ పదార్థాలున్నాయి. కుంకుడురసం నురగకు కారణమైనవి కూడా ఆ జాతి పదార్థాలే. నురగను గరిటెతో తీసివేసి, మంట తగ్గించి, పాలు తెర్లడం మొదలైన తరువాత పది పదిహేను నిమిషాలు మరగనివ్వాలి. ట్రిప్సిన్‌ను అడ్డుకునే పదార్థం బలం కోల్పోయేది ఈ మరుగులోనే. ఈ పనిలో తొందరపడితే మిగిలిన శ్రమంతా వృథా. కాగిన పాలను చల్లార్చి, బెల్లమో యాలకుల పొడో వేసి తాగవచ్చు. అయితే చంటిపిల్లలకు తల్లిపాలకు బదులుగా వీటిని పట్టకూడదు.

ఇతర పప్పుల పాలను ఇలా కాస్తే ఏమవుతుంది? మినుములను, శనగలను రుబ్బి కాస్తే గంజిలా చిక్కబడతాయి. వాటిలో సగానికి దగ్గరగా పిండిపదార్థం ఉంటుంది. సోయాలో అది దాదాపు లేదు. ఎక్కువగా ఉన్నవి మాంసకృత్తులు, నూనె. అందువల్లనే దాని రసం పాలలా పల్చగా నిలుస్తుంది, పాలలాగే విరుగుతుంది.

బర్మాలోని షాన్ ప్రజలు శనగపిండితో టోఫు చేస్తారు. దానిలో విరగ్గొట్టే పనే లేదు. పసుపు వేసిన శనగపిండి జావను చిక్కగా ఉడికించి పళ్లెంలో పోస్తే, చల్లారి ముక్కలు కోయడానికి వీలుగా గడ్డకడుతుంది. అక్కడ గడ్డకట్టేది ముఖ్యంగా పిండిపదార్థం. ఒకప్పుడు యానాం పక్కనున్న కోరంగి రేవు నుంచి ఎందరో తెలుగువారు ఓడలెక్కి రంగూన్ వెళ్లి పనిచేశారు. ఆ రేవు పేరు మీదనే బర్మావారు తెలుగువారిని కోరంగీలని పిలిచేవారు. పేరు ఒకటే అయినా షాన్ టోఫు వేరు, చైనా టోఫు వేరు.

ఇప్పుడు అసలు ఘట్టం. పాలను దించి ఐదు నిమిషాలు ఆగాలి. వేలు పెట్టలేనంత వేడిగా, అంటే సుమారు 80 డిగ్రీల వేడిలో ఉండాలి, కాని మరుగుతూ ఉండకూడదు. రెండు పెద్ద నిమ్మకాయల రసాన్ని, అంటే మూడు పెద్ద చెంచాలకు తగ్గకుండా, అరకప్పు నీళ్లలో కలిపి ఉంచుకోవాలి. దానిని ఒక్కసారిగా కుమ్మరించకుండా మూడు విడతలుగా పోస్తూ, గరిటెతో ఒకటి రెండుసార్లు మాత్రమే నెమ్మదిగా తిప్పాలి. గిలకొడితే విరుగుడు నలిగి, టోఫు పొడిపొడిగా వస్తుంది. మూతపెట్టి పదిహేను నిమిషాలు కదపకుండా ఉంచితే తెల్లని మబ్బుతునకల వంటి ముద్దలు ఒకవైపు, లేత పసుపురంగు తేటనీరు ఒకవైపు విడిపోతాయి. నీరు ఇంకా పాలలా ఉంటే మరికొంచెం నిమ్మనీరు చల్లాలి.

ఇంతకీ లోపల జరిగినదేమిటి? పాలలోని మాంసకృత్తుల కణాలన్నిటికీ ఒకే రకమైన విద్యుదావేశం ఉంటుంది. అందుచేత అవి ఒకదానినొకటి తోసుకుంటూ విడివిడిగా తేలుతుంటాయి. కాచినప్పుడు ఉండచుట్టుకున్న దారం విడిపోయినట్లు అవి విచ్చుకుంటాయి. పులుపు తగలగానే ఆ ఆవేశం పోతుంది. తోపులాట ఆగి, కణాలు చేయీ చేయీ పట్టుకుని వలలా అల్లుకుంటాయి. నూనె బొట్లు ఆ వలలో చిక్కుకుంటాయి. వాయువు పుట్టించే చక్కెరలలో చాలా భాగం తేటనీటితో వెళ్లిపోతుంది. పీచు అంతకుముందే పిప్పిలో ఉండిపోయింది. అందువల్లనే గింజ కంటే టోఫు తేలికగా అరుగుతుంది.

చైనావారు నిమ్మరసానికి బదులు వంటకు తగిన జిప్సం పొడిని వాడతారు. ఇందులోని కాల్షియం మాంసకృత్తుల కణాలను కలిపే వంతెనలా పనిచేస్తుంది. టోఫు నున్నగా వస్తుంది, తినేవారికి కాల్షియం కూడా దక్కుతుంది. నిమ్మరసంతో చేసిన దానిలో ఆ లాభం తక్కువ. గోడలకు, బొమ్మలకు వాడే జిప్సంను మాత్రం ఎన్నడూ వంటలో వేయరాదు. జపానువారు సముద్రపు నీటి నుంచి ఉప్పు తీయగా మిగిలిన చేదునీటితో పాలు విరగ్గొడతారు. దానిని 'నిగారి' అంటారు.

విరుగుడును చిల్లుల గిన్నెలో తడిగుడ్డ పరచి అందులోకి గరిటెతో ఎత్తి, గుడ్డ అంచులు మడిచి, పైన పళ్లెం పెట్టి నీళ్లచెంబు వంటి రెండు కిలోల బరువు ఉంచాలి. అరగంటకు గట్టి టోఫు తయారవుతుంది. తక్కువసేపు ఉంచితే మెత్తగా ఉంటుంది. పావుకిలో గింజలకు గింజల బరువు కంటే కొంత ఎక్కువ టోఫే వస్తుంది. చల్లటి నీళ్లలో ముంచి ఫ్రిజ్‌లో పెట్టి, రోజూ నీళ్లు మారుస్తుంటే మూడు నాలుగు రోజులు నిలుస్తుంది. ఫ్రిజ్ లేని ఇంట్లో ఏ పూటకు ఆ పూటే వాడుకోవడం మంచిది.

టోఫుకు తనదైన రుచి దాదాపు లేదు. దానిని తొలిసారి తిన్నవారు పెదవి విరిచేది అందుకే. కాని ఉప్పు, పులుపు, కారం ఏది చేర్చినా పీల్చుకుంటుంది. ముక్కలను వేడి ఉప్పునీటిలో పది నిమిషాలు ఉంచి తీస్తే ఉప్పు పట్టడమే గాక, లోపలి నీరు కొంత బయటికి వచ్చి ముక్క గట్టిపడుతుంది. చైనాలోని సిచువాన్ ప్రాంతంలో దీనిని ఎర్రని మిరపకారపు ముద్దతో ఘాటుగా వండుతారు. ఆ వంట తెలుగువారి నాలుకకు పరాయిగా తోచదు. ఇక తెలుగు పద్ధతిలో వండటానికి కొత్త విద్య ఏదీ అక్కరలేదు. తడి తుడిచి, బియ్యప్పిండి అద్ది, పెనం మీద ఎర్రగా వేయించి ఉల్లికారంలో వేయవచ్చు. టమాటా ఇగురులో, పాలకూర కూరలో దించేముందు కలపవచ్చు. చేతితో చిదిమి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, పసుపుతో పోపు వేస్తే కోడిగుడ్డు పొరటులా వస్తుంది. పెసరట్టులో ఉప్మాకు బదులు దీనిని పెట్టినా బాగుంటుంది. పులుసులో వేయదలచుకుంటే ముక్కలను ముందు రాత్రి గడ్డకట్టించి, కరగనిచ్చి, పిండి వేయాలి. మంచుముక్కలు చేసిన గుంతల వల్ల టోఫు స్పంజిలా మారి పులుసును బాగా పీలుస్తుంది.

టోఫును అన్నంతోనో రొట్టెతోనో తినడంలో మరో లాభం ఉంది. ధాన్యపు మాంసకృత్తులలో తక్కువైన లైసిన్ సోయాలో పుష్కలంగా ఉంది. సోయాలో కొరవడిన మెథియొనిన్‌ను ధాన్యం పూరిస్తుంది. సోయా పడనివారు కొందరుంటారు. వారు దీని జోలికి పోకూడదు. థైరాయిడ్ మాత్రలు వేసుకునేవారు మాత్రకు, ఈ ఆహారానికి మధ్య కొన్ని గంటల ఎడం ఉంచాలి.

పిండగా మిగిలిన పిప్పి పచ్చిది. అందులో పీచుతోపాటు మాంసకృత్తులు కూడా కొంత మిగిలి ఉంటాయి. పచ్చిగా తినరాదు. ముందు ఆవిరి మీద పావుగంటకు తక్కువ కాకుండా ఉడికించి, ఆ తరువాత శనగపిండి, ఉల్లిపాయ, అల్లం, జీలకర్ర చేర్చి వడలు వేసుకోవచ్చు. దోసెల పిండిలో కలుపుకోవచ్చు. కొబ్బరికోరు చేర్చి పొడికూరగా చేసుకోవచ్చు. తడిపిప్పి త్వరగా పాసిపోతుంది. పాలు పిండిన పూటే దానిని కూడా వండాలి.