వెనక్కి నడిచిన కుమారులు

జలప్రళయం తర్వాత నోవహు ద్రాక్షతోట వేశాడు. ఒకరోజు ద్రాక్షారసం తాగి, మత్తులో తన గుడారంలో వస్త్రహీనుడై పడి ఉన్నాడు. అది చూసిన హాము బయటికెళ్లి అన్నదమ్ములకు చెప్పాడు. షేము, యాపెతు మాత్రం ఒక వస్త్రాన్ని భుజాల మీద వేసుకుని, వెనక్కి నడిచి వెళ్లి, ముఖాలు అటు తిప్పుకొనే తండ్రిని కప్పారు (ఆది 9:20–23). పొరపాటు నోవహుదే. అయినా తండ్రి అజాగ్రత్త కుమారులకు చూసే హక్కునివ్వలేదు.

ఈ రోజుల్లో ఆ గుడారం మన జేబులోనే ఉంది. పాత ఫోను, కంప్యూటర్ అమ్మేటప్పుడు అన్నీ డిలీట్ చేశాం కదా అనుకుంటాం. విషయసూచిక చింపేస్తే పుస్తకంలోని పాఠాలు పోతాయా? హార్డ్ డిస్కులో డిలీట్ చేయడం దాదాపు అలాంటిదే. అమెరికాలోని ఎంఐటీకి చెందిన సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలట్ 158 పాత హార్డ్ డిస్కులు కొని పరిశీలించి, 2003లో ఫలితాలు ప్రకటించారు. పనిచేసిన 129 డిస్కుల్లో సరిగ్గా శుభ్రం చేసినవి 12 మాత్రమే! 5 వేలకు పైగా క్రెడిట్ కార్డు నంబర్లు, వైద్య వివరాలు, సొంత ఉత్తరాలు వాటిలో బయటపడ్డాయి.

గొయ్యి తవ్వి మూయకుండా వదిలేస్తే, అందులో పొరుగువాని ఎద్దు పడితే, ఆ నష్టం తవ్వినవాడే భరించాలన్నది ధర్మశాస్త్రం (నిర్గమ 21:33,34). మన ఫోనులో ఉన్నవి మన రహస్యాలే కాదు. నా ఫోనులో విశ్వాసులు పంపిన ప్రార్థన మనవులున్నాయి. ఒకరి జబ్బు, మరొకరి అప్పు, ఇంకొకరి కాపురంలోని కలత. నన్ను నమ్మి చెప్పిన ఆ మాటలను అంగట్లో అమ్మేసే అధికారం నాకెక్కడిది? అందుకే ఫోను అమ్మేముందు ఖాతాల నుంచి బయటికొచ్చి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, సిమ్, మెమొరీ కార్డు తీసేయాలి. హార్డ్ డిస్కయితే, పాత సమాచారం మీద మళ్లీ రాసి చెరిపే సాఫ్ట్‌వేర్ వాడాలి. ఇది గొయ్యి మూయడమే.

మరి కొన్నవారి మాటేమిటి? డబ్బిచ్చి కొన్నది పరికరాన్నే, అందులో మిగిలిపోయిన మనిషి బతుకును కాదు. ఎవరి ఫొటోలో, ఉత్తరాలో కంటబడితే తెరిచి చూడటం, నలుగురికీ పంపి నవ్వుకోవడం హాము చేసిన పనే. వాటిని చదవకుండా, ఎవరికీ చూపకుండా చెరిపేయడం షేము, యాపెతుల మార్గం. అలా కప్పినట్టు అవతలివారికి ఎప్పటికీ తెలియకపోవచ్చు. రహస్యమందు చూసే తండ్రికి మాత్రం తెలుసు. ఎవరూ చూడని చోట మన చేతివేళ్లు ఏం చేస్తాయన్నదే మన విశ్వాసానికి నిజమైన పరీక్ష!