చదువులో చేయూత

చీపురుపల్లి ఉన్నత పాఠశాలలో కాని, మరే ఊరి బడిలో కాని, నోటితో చక్కగా సమాధానం చెప్పే బాలుడు పుస్తకం తెరవగానే తడబడవచ్చు. ‘మ’కు ‘య’, ‘ప’కు ‘వ’ చదువుతాడు. ఇక వత్తుల సంగతి చెప్పనక్కరలేదు. అతడిని మొద్దు అనడం మనకు అలవాటు. అది మాంద్యం కాదు, సోమరితనమూ కాదు, అభ్యసన వైకల్యం. 1995 నాటి చట్టం పేర్కొనని ఈ లోపాన్ని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యంగా గుర్తించింది. నిర్ణీత స్థాయి వైకల్యం ధ్రువపడిన విద్యార్థికి పరీక్షలో లేఖకుని సహాయంతోపాటు గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని 2018లో కేంద్ర ప్రభుత్వం నిర్దేశించింది. అయితే పదవ తరగతిలో ధ్రువపత్రం వెతుక్కోవడం ఆలస్యమే. ఆరవ తరగతిలోనే పక్కన కూర్చోబెట్టుకొని చదివించి చూడాలి. పూర్వం వీధిబడులలో ఇసుకలో అక్షరాలు దిద్దించేవారు. వేలికొనతో తడిమి నేర్చుకొనే ఆ పద్ధతినే నేటి నిపుణులు ఇటువంటి పిల్లలకు సూచిస్తున్నారు.