అల్లుడుగారి పగడాల తొట్టి... నా సున్నపు తేట!

అమ్మాయి పురిటికని అమెరికా వెళ్ళే తల్లులంతా శొంఠి, వాము, కారప్పొడులు సర్దుకుని బయలుదేరతారు. నేనూ అలాగే వెళ్ళాను. డల్లాస్ దగ్గర మా అమ్మాయి వాళ్ళిల్లు. లోపల అడుగు పెట్టగానే హాల్లో ఇంత పొడుగు గాజు తొట్టి! 75 గ్యాలన్లట, అంటే మన లెక్కలో 285 లీటర్లు. నీలం వెలుగులో చేమంతుల్లా, పుట్టగొడుగుల్లా ఏవేవో మెల్లగా ఊగుతున్నాయి.

"ఏం మొక్కలు బాబూ ఇవి?" అన్నాను.

"మొక్కలు కాదత్తయ్యగారూ, పగడాలు. ప్రాణమున్న జీవాలు" అన్నారు అల్లుడుగారు.

మనం ఉంగరంలో పొదిగించుకునే ఎర్ర పగడం వేరు, ఇవి వేరు. ఇవి వెచ్చని సముద్రాల్లో దిబ్బలు కట్టే జాతి. ఆవగింజంత ప్రాణి, నీళ్ళలోంచి కాల్షియం, కార్బొనేటు లాక్కుని తన కిందే సున్నపురాతి ఇల్లు కట్టుకుంటుంది. ఆ తొట్టిలో మెదడులా మడతలు మడతలుగా ఉన్న పెద్ద పగడం ఒకటుంది. బొటనవేలి గోరంత ముక్కగా తెచ్చి ఆరేళ్ళు పెంచారట. పిల్లలు లేని ఆరేళ్ళూ దాన్ని చూసుకునే గడిపామమ్మా అంది మా అమ్మాయి. ఇక నాకు దాని మీద చెయ్యి వెయ్యాలంటే భయం పట్టుకుంది.

అనుకున్నట్టే అయింది. నెలలు నిండకుండానే అమ్మాయికి నొప్పులొచ్చాయి. వారం రోజులు ఇద్దరూ ఆస్పత్రిలోనే. ఇంట్లో నేనొక్కదాన్నీ. "చేపలకు చిటికెడు మేత వెయ్యండి, నీళ్ళు తగ్గితే పొయ్యండి, చాలు" అని ఆ కంగారులో చెప్పి వెళ్ళారు. చలికాలం, ఇంట్లో హీటరు. రోజుకు నాలుగు లీటర్లు ఆవిరైపోతున్నాయి. పక్కన డ్రమ్ము నిండా సముద్రపు ఉప్పు కలిపిన నీళ్ళున్నాయి. ఉప్పునీళ్ళ తొట్టి కదా, ఉప్పునీళ్ళే పొయ్యాలనుకున్నాను. రోజూ శ్రద్ధగా పోశాను!

అల్లుడుగారు వచ్చి, చిన్న దుర్భిణి లాంటిదాని మీద ఓ చుక్క వేసి చూసుకున్నారు. కాసేపు మాట్లాడలేదు. లీటరుకు 35 గ్రాములుండాల్సిన ఉప్పు 38 దాటిందట.

చారు మరిగితే ఏం పోస్తాం?

మీరే చెప్పండి, పొయ్యి మీద చారు మరిగి చిక్కబడితే నీళ్ళు పోస్తామా, మళ్ళీ ఉప్పు వేస్తామా? ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు ఎక్కడికీ పోదు. తొట్టీ అంతే. తగ్గినంతా మంచినీళ్ళే పొయ్యాలి. ముప్ఫై ఏళ్ళుగా చారు పెడుతున్న నాకు ఆ సంగతి తట్టలేదు చూడండి! లెక్క వేస్తే వారంలో దాదాపు కిలో ఉప్పు అదనంగా పోశానన్నమాట.

మంచినీళ్ళంటే కుళాయి నీళ్ళు కూడా పనికిరావు. వాటిలో క్లోరిను ఉంటుంది, రాగి గొట్టాలైతే రాగి దిగుతుంది. మనుషులకు ఫరవాలేని ఆ కాస్త రాగే రొయ్యలకూ నత్తలకూ విషం. ఆర్.ఓ. ఫిల్టరులోంచి, ఆపైన ఇంకో రసాయనపు ఫిల్టరులోంచి వడపోసిన నీళ్ళే వాడాలి. పెరిగిన ఉప్పును కూడా ఒక్కసారిగా తగ్గించకూడదట. నాలుగు రోజులు కొంచెం కొంచెంగా దింపారు.

ఆ తర్వాత, "ఇక మీకు ఈ బాధ వద్దత్తయ్యగారూ" అని నీళ్ళు వాటంతటవే పడే ఏర్పాటు చేశారు. పెద్ద వింతేం కాదు. మన ఫ్లష్ టాంకులో బంతి ఉంటుంది కదా, నీళ్ళు తగ్గితే కిందికి దిగి, నిండితే పైకి లేచి ఆపేస్తుంది. ఇదీ అదే సూత్రం. తొట్టి కింద అలమరలో ఉన్న రెండో తొట్టిలో చిన్న తేలుడు స్విచ్చి పెడతారు. మట్టం వేలెడు తగ్గకముందే మోటారు తిరిగి, పక్క డబ్బాలోంచి మంచినీళ్ళు తోడి పోస్తుంది. బంతికి బదులు వెలుతురుతో మట్టం కనిపెట్టేవి కూడా వచ్చాయి.

తాంబూలంలో సున్నమే!

పగడాలు రోజూ కాల్షియం తినేస్తుంటాయి కాబట్టి అదీ అందించాలి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 420 మిల్లీగ్రాములుంటుంది. దానికి అల్లుడుగారు వాడే మందు పేరు 'కాల్క్‌వాసర్'. జర్మన్ మాట. ఏమిటా అని చూస్తే... సున్నపు నీళ్ళు! మడ్డి అడుగుకు దిగాక పైన తేరుకునే తేట. చిటికెడు పసుపు వేస్తే హారతి నీళ్ళలా ఎర్రబడింది. నాకు నవ్వాగలేదు.

అలాగని తాంబూలం సున్నం వేసేయకండి, అందులో ఏమేం కలిసి ఉంటాయో తెలియదు. అక్కడ దోసకాయ ఊరగాయ కరకరలాడ్డానికి వాడే శుద్ధమైన సున్నం పొడి దొరుకుతుంది. గ్యాలనుకు, అంటే 3.8 లీటర్లకు, రెండు చెంచాలు. ఎక్కువ వేసినా కరగదు. మూత పెట్టి ఉంచాలి, లేకపోతే గాలి తగిలి పైన మీగడలా పెచ్చు కడుతుంది. తేటను మాత్రమే చుక్కలు చుక్కలుగా, వీలైతే రాత్రిపూట వదలాలి. పొడి కంట్లో పడితే మంట, ప్రమాదం. చంటిపిల్ల ఉన్న ఇల్లని నేను దాన్ని పై అరలోకి ఎక్కించేశాను.

ఆవిరైన నీటికి బదులు ఈ తేటే పోస్తే ఒకే దెబ్బకు రెండు పనులూ అవుతాయని దీన్ని ఆ మోటారుకే తగిలించారు. అక్కడే వచ్చింది చిక్కు.

మనవరాలిని ఇంటికి తెచ్చిన మూడో రాత్రి. మూడింటికి నీళ్ళు కాచడానికి లేచి హాల్లోకి వస్తే తొట్టి నిండా పలచటి మజ్జిగ! చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. ఒక నత్త పాకి పాకి స్విచ్చి మీద కూర్చుంది. బంతి లేవలేదు, మోటారు ఆగలేదు, డబ్బాడు సున్నపు తేటా తొట్టిలో పడింది. ముందు ప్లగ్గు పీకేశాను. అల్లుడుగారు పది రోజుల తర్వాత మొదటిసారి కళ్ళు మూసుకున్నారు. లేపాలా? తలుపు దగ్గర ఓ నిమిషం నిలబడి, లేపేశాను.

కిటికీలు తెరిచి, తొట్టిలోకి గాలి బాగా కొట్టించారు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు కలిస్తే క్షారం దిగుతుందట. డ్రమ్ములో నీళ్ళతో సగం నీళ్ళు మార్చారు. తెల్లారేసరికి రొయ్యలు రెండూ పోయాయి. కొమ్మల పగడం చివళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. మెదడు పగడం ముడుచుకుని ఉంది. రెండు రోజులు దాన్ని చూడాలంటే నాకు గుండెదడ. మూడోనాడు మడతలు విచ్చుకుంది.

తర్వాత మార్పులు చేశారు. మొదటిదానికి అంగుళం పైన రెండో స్విచ్చి, నత్తలు ఎక్కకుండా జాలీ, ఇన్ని నిమిషాలకు మించి తిరక్కుండా టైమరు. గొట్టం కొస నీళ్ళలో మునక్కుండా పైకి కట్టారు, లేకపోతే మోటారు ఆగినా నీళ్ళు వాటంతటవే లాగేసుకుంటాయి. అన్నిటికంటే నాకు నచ్చింది, డబ్బాలో ఒక రోజుకు సరిపడా తేట మాత్రమే పొయ్యడం. ఎంత పాడైనా అంతకు మించి పడదు కదా!

పగడాలు బాగా పెరిగాక సున్నపు తేట చాలదట. అప్పుడు కాల్షియం క్లోరైడు ఒక సీసాలో, సోడా ఒక సీసాలో కలుపుకుని, చిన్న మోటార్లతో వేరువేరుగా, వేరువేరు చోట్ల వదులుతారు. రెండూ ఒకచోట పడితే తెల్లగా విరిగిపోతాయి. ఆ సోడా మన వంట సోడాయే. 150 డిగ్రీల ఓవెన్‌లో గంటసేపు వేయిస్తే చాకలి సోడా అవుతుంది. ఆ పని మాత్రం నా చేతే చేయించారు.

ఇది చదివి మన దగ్గర పగడాలు కొందామనుకుంటారేమో! దిబ్బలు కట్టే పగడాలను మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పట్టడం, అమ్మడం నేరం. చేపల తొట్టితో సరిపెట్టుకోండి.

నిన్న వీడియోలో మనవరాలు గాజు మీద అరచేత్తో కొడుతూ కనిపించింది. వెనకాల మోటారు గుర్రుమని ఆగింది. "నత్త ఎక్కడుందో చూశావా అమ్మా?" అన్నాను ముందు. పిల్లకి జలుబు తగ్గిందా అని ఆ తర్వాత అడిగాను.