మధుపర్కాల తెలుపు

న్యూజెర్సీలోని ఎడిసన్ పట్టణం. మెన్లోపార్క్‌లో క్రిస్టీ స్ట్రీట్ దగ్గర 131 అడుగుల కాంక్రీటు స్తంభం, దాని నెత్తిన దాదాపు పద్నాలుగు అడుగుల గాజు బల్బు. థామస్ ఎడిసన్ 1879లో విద్యుద్దీపం వెలిగించిన ప్రయోగశాల ఉన్న చోటే 1938లో దీన్ని నిలబెట్టారు. చీకటి పడ్డాక, బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము వేసుకుని వచ్చినవారికి ఇది గట్టి పరీక్ష. స్తంభం కనబడేలా తీస్తే బల్బు తెల్లటి మరకైపోతుంది. బల్బు ఆకారం దక్కేలా తీస్తే స్తంభం చీకట్లో కలిసిపోతుంది.

ఈ చిక్కు బల్బుతోనే పోదు. ఎడిసన్‌లో జనవరి ఎండకు మెరిసే మంచు, ఓక్‌ట్రీ రోడ్డులో కారు అద్దాల తళుకు, తెలుగువారి పెళ్లిలో మధుపర్కాలు, అన్నీ ఈ కోవలోవే. మధుపర్కాలను తీసిన ఫోటోలో ఎర్రంచు ముదురు బూడిదరంగులో చక్కగానే వస్తుంది. తెలుపులో నేత, మడతలు మాత్రం మాయమవుతాయి. పెళ్లి ఫోటోలో అంతకన్నా పెద్ద నష్టం లేదు.

డార్క్‌రూములో పాతకాలం నుంచీ ఒక సూత్రం ఉంది: నీడలను చూసి ఎక్స్‌పోజ్ చెయ్యాలి, వెలుగులను చూసి డెవలప్ చెయ్యాలి. కాంతి సోకిన రేణువులు డెవలపర్‌లో వెండిగా మారతాయి. నీడపడ్డ చోట అలాంటివి కొద్దే కాబట్టి అక్కడి పని తొందరగా ముగుస్తుంది. వెలుగు పడ్డ చోట రేణువులు కోకొల్లలు. ట్యాంకులో ఉంచినకొద్దీ అక్కడ వెండి చిక్కబడుతూనే ఉంటుంది. నెగటివ్‌లో అన్నిటికంటే నల్లగా కనిపించేది మంచే, మధుపర్కమే. అంటే, తెలుపు పగ్గాలు గడియారం చేతిలో ఉన్నాయి.

హర్టర్, డ్రిఫీల్డ్ అనే ఇద్దరు 1890లోనే ఈ సంబంధాన్ని కొలిచి గీత గీసి చూపించారు. దాన్ని ఫోటోగ్రాఫర్ చేతికందే పద్ధతిగా మలిచింది ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్. 1940 ప్రాంతంలో వాళ్లు రూపొందించిన జోన్ సిస్టమ్‌లో నలుపు నుంచి తెలుపు దాకా ఉన్న మెట్లలో నడిమి బూడిదరంగు అయిదో జోను. నేత కనిపించే తెలుపు ఏడు, ఎనిమిది. లైట్‌మీటరుకు ఈ తేడా తెలియదు. మంచును చూపిస్తే దాన్నీ బూడిదరంగే అనుకుంటుంది. అందుకే మీటరు చెప్పినదానికన్నా ఒకటి, రెండు స్టాపులు ఎక్కువ కాంతి ఇవ్వాలి.

రారిటన్ టౌన్‌షిప్ 1954లో ఎడిసన్‌గా పేరు మార్చుకుంది. కొడాక్ ట్రై-ఎక్స్ ఫిల్మును 35 ఎం.ఎం. రోళ్లలో తెచ్చిందీ ఆ ఏడే. ఇప్పటి ట్రై-ఎక్స్‌కు, సగానికి సగం నీళ్లు కలిపిన డీ-76 డెవలపర్‌లో 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొడాక్ చెప్పే సమయం తొమ్మిదిముప్పావు నిమిషాలు. చురుక్కుమనే ఎండలో తీసిన రోలైతే ఫిల్ము స్పీడును 400 బదులు 200గా పెట్టుకుని తీసి, ఎనిమిది నిమిషాలకే డెవలపర్ పారబోయడం మేలు. నీడలకు కావలసిన కాంతి ముందే అందింది, తెలుపు హద్దు దాటదు.

ట్యాంకు కదపడంలోనూ కిటుకుంది. తరచూ కదిపితే తెలుపు దగ్గరికి తాజా మందు చేరుతూ ఉంటుంది. నిమిషానికి ఒక్కసారే కదిపితే అక్కడి మందు నీరసిస్తుంది, నీడల దగ్గర పని సాగుతూనే ఉంటుంది. అలాగని గంటసేపు కదపకుండా వదిలేసే పద్ధతి కొత్తవారికి వద్దు. చారలు పడే ప్రమాదం ఉంది.

రసాయనాలతో కాని పని కూడా ఉంటుంది. బల్బుకూ స్తంభానికీ ఉన్న అంత తేడాను ఏ డెవలపరూ పూడ్చలేదు. పొద్దుగుంకాక ఆకాశంలో ఇంకా వెలుతురుండగానే తీయాలి. మార్కస్ బార్ట్‌లీ ఛాయాగ్రహణంలో వచ్చిన ‘మాయాబజార్’ (1957) పడవ పాటలో వెన్నెలను ఒకసారి చూడండి, రంగులద్దిన ప్రతి కాదు, నలుపు తెలుపులదే. అది లైట్లతో, కెమెరాతో పుట్టించిన వెన్నెల. అక్కడ తెలుపును అదుపు చేసింది మనిషి కన్ను.

నెగటివ్ మరీ చిక్కబడినా వెంటనే ఆశ వదులుకోనక్కర్లేదు. ఫిల్ములో దాగిన నేత చాలాసార్లు కాగితానికి అందదు, అంతే. అట్టముక్కకు చిల్లు పెట్టి, ఆ తెల్లటి చోటుకు మాత్రం ఎన్‌లార్జర్ కింద మరికొన్ని సెకన్లు వెలుగు పట్టిస్తే మడతలు బయటికొస్తాయి.

ఇంట్లో ఈసారి పెళ్లి జరిగినప్పుడు ఒక్క రోలైనా మధుపర్కాల కోసం ఉంచండి. నెగటివ్ కవరు మీద ఆనాటి ఎండనూ, ట్యాంకులో గడిచిన నిమిషాలనూ రాసిపెట్టుకోండి.