పదాన్వేషణ - పదాదేశం

హైదరాబాదులోని అమీర్‌పేటలో మైత్రీవనం పరిసరాలకు వెళ్లినవారికి మొదట కనిపించేవి శిక్షణ సంస్థల ప్రకటన ఫలకాలు. జావా, ఒరాకిల్, టెస్టింగ్, లైనక్స్ అంటూ అంతస్తు మీద అంతస్తుగా వేలాడే ఆ ఫలకాల కింద, తెలుగు నేల నలుమూలల నుండి వచ్చిన పట్టభద్రులు నోటుపుస్తకాలు చేతబట్టుకొని తిరుగుతుంటారు. అక్కడి నుండి పంజాగుట్ట ఎంతో దూరం లేదు. మెట్రో రైలులో తరువాతి స్టేషనే. ఈ రెండు ప్రాంతాల నడుమ వసతి గృహాలు, జిరాక్సు దుకాణాలు, డి.టి.పి. కేంద్రాలు కిక్కిరిసి ఉంటాయి. లైనక్స్ నేర్వవచ్చిన విద్యార్థిని తొలిరోజుల్లోనే ఒక నల్లని తెర ముందు కూర్చోబెడతారు. ఆ తెర మీద బొమ్మలుండవు, మౌసుతో నొక్కవలసిన గుర్తులుండవు. మినుకుమినుకుమనే చిన్న గీత ఒకటి మాత్రం ఉంటుంది. అక్కడ మనం ఒక ఆజ్ఞను అక్షరాలతో రాసి మీట నొక్కితే యంత్రం దానిని నెరవేరుస్తుంది. దీనినే కమాండ్ లైన్ అంటారు. తెలుగులో ఆజ్ఞాపంక్తి అనవచ్చు.

ఆజ్ఞాపంక్తి వద్ద నేర్చే పనులలో అత్యంత ప్రయోజనకరమైనవి రెండు. ఒకటి, ఎన్ని ఫైళ్లలోనైనా కోరిన మాట ఎక్కడ ఉన్నదో వెతకడం. రెండవది, ఆ మాట స్థానంలో మరొక మాటను నిలపడం. మొదటి పనికి గ్రెప్ అనే సాధనం, రెండవ దానికి సెడ్ అనే సాధనం ఉన్నాయి. వేయి ఫైళ్లను ఒక్కొక్కటిగా తెరచి చూడడానికి మనిషికి రోజులు పడితే, ఈ సాధనాలకు కొన్ని క్షణాలు చాలు.

తెలుగు వ్యాకరణం చదివినవారికి ఈ రెండవ పని కొత్తది కాదు. ఒక వర్ణం స్థానంలో మరొక వర్ణం రావడాన్ని మన వ్యాకర్తలు ఆదేశం అన్నారు. ఉన్న వర్ణానికి తోడుగా మరొకటి చేరితే అది ఆగమం. ఆదేశం శత్రువు వంటిది, ఆగమం మిత్రుని వంటిది అని సంప్రదాయం చెబుతుంది. శత్రువు ఉన్నవాడిని వెళ్లగొట్టి ఆ పీఠమెక్కుతాడు, మిత్రుడు వచ్చి పక్కన కూర్చుంటాడు. నేటి తెలుగులో ఆదేశం అంటే ఆజ్ఞ అని కూడా అర్థం. కాబట్టి సెడ్‌కు మనమిచ్చేది రెండర్థాలలోనూ ఆదేశమే. గసడదవాదేశ సంధిని గుర్తు తెచ్చుకోండి. వాడు + పోయె అన్నప్పుడు ‘ప’ స్థానంలో ‘వ’ వచ్చి వాడువోయె అవుతుంది. అయితే ఎక్కడ పడితే అక్కడ ‘ప’ను ‘వ’గా మార్చమని సూత్రం చెప్పలేదు. ముందు ప్రథమా విభక్తి పదం ఉండాలి, తరువాత పరుషం ఉండాలి. ఈ సందర్భ నియమమే ఆదేశానికి ప్రాణం. చిన్నయసూరి వంటి వ్యాకర్తకు ‘బహుళం’ అనే వెసులుబాటు కూడా ఉండేది. ఒకచోట జరుగుతుంది, ఒకచోట వికల్పం, ఒకచోట జరగదు అని ఒక్క మాటతో సర్దుకోగలిగాడు. యంత్రానికి బహుళం తెలియదు. చెప్పినది చెప్పినట్లు అంతటా చేస్తుంది.

ఈ సాధనాల పుట్టుకకు, సాహిత్య పరిశోధనకు ఒక చుట్టరికం ఉంది. అక్షరాల అమరికలను సూత్రప్రాయంగా వర్ణించే పద్ధతిని అమెరికా గణితవేత్త స్టీఫెన్ క్లీనీ 1950లలో ప్రతిపాదించాడు. దానికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అని పేరు. కెన్ థాంప్సన్ 1968లో ఆ పద్ధతిని కంప్యూటరులో మాటలు వెతకడానికి ఎలా వాడవచ్చో వివరిస్తూ వ్యాసం ప్రకటించాడు. తరువాత బెల్ పరిశోధనశాలలో యూనిక్స్ కోసం ఆయన రాసిన ‘ఎడ్’ అనే పాఠ్య సంపాదకంలో దానిని పొందుపరిచాడు. అదే శాలలో లీ మెక్‌మాహన్ అనే పరిశోధకుడు ‘ఫెడరలిస్ట్’ వ్యాసాల కర్తృత్వాన్ని పరిశీలించ దలచాడు. అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ 1787, 1788 సంవత్సరాలలో మారుపేరుతో వెలువడిన 85 వ్యాసాలవి. హామిల్టన్, మాడిసన్, జే అనే ముగ్గురు రాశారు. అందులో కొన్నింటిని ఎవరు రాశారన్నది వివాదం. ఏ రచయిత ఏ చిన్న మాటను ఎన్నిసార్లు వాడాడో లెక్కించి కర్తను గుర్తించాలన్నది మార్గం. కాని ఆ వ్యాసాలన్నీ కలిపితే ఆనాటి ‘ఎడ్’లో ఇమడలేదు. అప్పుడు థాంప్సన్ వెతికే భాగాన్ని మాత్రం ‘ఎడ్’ నుండి విడదీసి రాత్రికి రాత్రే వేరొక సాధనంగా ఇచ్చాడని ఆయన సహచరులు చెబుతారు. అదే గ్రెప్. ఫైలంతటా ఫలానా అమరికను వెతికి ఆ పంక్తులను చూపుమని ‘ఎడ్’లో ఇచ్చే ఆజ్ఞలోని అక్షరాలే దాని పేరయ్యాయి. 1973 నాటి యూనిక్స్ కరదీపికలో అది కనిపిస్తుంది. ఆ తరువాత మెక్‌మాహన్ స్వయంగా సెడ్‌ను నిర్మించాడు.

‘క్రీడాభిరామం’ వినుకొండ వల్లభరాయనిదా, శ్రీనాథునిదా అని మన పండితులు వాదించుకున్న సంగతి తెలిసినవారికి మెక్‌మాహన్ తపన సులభంగా అర్థమవుతుంది. వేటూరి ప్రభాకరశాస్త్రి ఆ గ్రంథంలోని పదప్రయోగాలను శ్రీనాథుని ఇతర కావ్యాలతో పోల్చి చూసినది ఏ యంత్రమూ లేకుండానే!

ఇక ప్రయోగానికి వద్దాం. సెడ్‌కు ఇచ్చే ఆజ్ఞ రూపం సరళమైనది. ముందు మార్పును తెలిపే ‘ఎస్’ అక్షరం, తరువాత ఒక ఏటవాలు గీత, పాత మాట, మరల గీత, కొత్త మాట, మరల గీత, చివర ‘జీ’ అక్షరం. ఎస్, జీ అనేవి రోమను లిపిలో టైపు చేయాలి. ‘జీ’ లేకపోతే ప్రతి పంక్తిలోనూ మొదటిసారి వచ్చిన మాట మాత్రమే మారుతుంది. తక్కినవి అలాగే మిగులుతాయి. మొదటి రెండు పంక్తులు సరిగా ఉన్నాయి కదా అని తృప్తిపడి మిగిలినవి చూడని వారు దీనివల్లనే చిక్కుల్లో పడతారు.

వెతకడంలో ఉన్న సొగసు మన ఊరి పేర్లలోనే తెలుస్తుంది. ఒకరు పంజాగుట్ట అని రాస్తారు, మరొకరు పంజగుట్ట అంటారు. రెండింటినీ ఒకేసారి పట్టుకోవాలంటే గ్రెప్‌కు ‘-E’ అనే సంకేతాన్ని చేర్చి ‘పంజా?గుట్ట’ అని ఇస్తే చాలు. ఇక్కడ ప్రశ్నార్థకం తనకు ముందున్న గుర్తు ఉండవచ్చు, లేకపోవచ్చు అని చెబుతుంది. మన కంటికి ‘జా’ ఒకే అక్షరం. యూనికోడ్‌లో అది రెండు గుర్తులు: హల్లు ‘జ’ ఒకటి, దీర్ఘం ఒకటి. ప్రశ్నార్థకం వర్తించేది దీర్ఘానికి మాత్రమే. ఇది నెరవేరాలంటే ఫైలు యూటీఎఫ్-8 పద్ధతిలో ఉన్నదని యంత్రానికి ముందుగా తెలిసి ఉండాలి. ఆ పద్ధతిలో ఒక్కొక్క తెలుగు గుర్తుకు మూడేసి బైట్లు పడతాయి. ఆ సంగతి తెలియని యంత్రం దీర్ఘంలోని మూడవ ముక్కనే ఒక అక్షరమనుకుంటుంది.

అమీర్‌పేట కథ మరికొంత చిత్రమైనది. కొందరు అమీరుపేట అని రాస్తారు. కొందరు పొల్లు తరువాత కంటికి కనబడని విభాజక గుర్తును చేర్చి అమీర్‌పేట అని టైపు చేస్తారు. అది చేర్చని చోట ‘ప’ ఒత్తుగా మారి అమీర్పేట అవుతుంది. ఆ అదృశ్యమైన గుర్తు ఉన్న మాట, లేని మాట యంత్రం దృష్టిలో వేరువేరు. సాఫ్ట్‌వేర్ అనే మాటకు కూడా ఇదే గతి. వెతికిన మాట లేదని గ్రెప్ చెప్పినంత మాత్రాన అది ఫైలులో లేదని నమ్మకూడదు.

ఇంతకంటె పెద్ద చిక్కు ఒత్తులతో వస్తుంది. ఒక కథలో ‘రామ’ అనే పాత్ర పేరును ‘కృష్ణ’ అని మార్చాలనుకొందాం. ఆజ్ఞ ఇచ్చిన మరుక్షణం విరామం అనే మాట ‘వికృష్ణం’ అవుతుంది, పరామర్శ ‘పకృష్ణర్శ’ అవుతుంది. ఇవి కంటికి కనబడే ప్రమాదాలు కనుక ఊహించగలం. కాని గ్రామం కూడా ‘గ్కృష్ణం’ అవుతుంది. గ్రామంలో రామ ఎక్కడున్నది? మనకు కనబడేది ‘గ’ కింద క్రావడి మాత్రమే. యూనికోడ్‌లో అది గకారం, పొల్లు, రకారం, దీర్ఘం, మకారం, సున్న అనే వరుసలో నిలువ ఉంటుంది. ఆ వరుస నడుమ రేఫ, దీర్ఘం, మకారం ఒకదాని వెంట ఒకటి ఉన్నాయి. యంత్రానికి అంతకంటె రామ అక్కరలేదు. లిపి మీద కన్ను, ధ్వని మీద చెవి రెండూ ఉన్నవారే ఇటువంటి దానిని ముందుగా పసిగట్టగలరు.

తెలుగు వాక్యంలో మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో నిర్ణయించడం కూడా తేలిక కాదు. ఆంగ్లంలో మాటకు ఇరువైపులా ఖాళీ ఉంటుంది. మనకు సంధి ఉంది, విభక్తులున్నాయి. ‘ఊరు’ అని వెతికితే ‘మావూరు’ దొరకదు. ‘పుస్తకం’ అని వెతికితే పుస్తకాన్ని, పుస్తకాలు దొరకవు. ‘పుస్తక’ వరకు ఇవ్వాలి. ఔపవిభక్తికాల దగ్గర ఇదీ చాలదు. ఇల్లు, ఇంటికి రెండూ కావాలంటే అదే ‘-E’ సంకేతంతో ‘ఇ(ల్లు|ంటి)’ అని ఇవ్వాలి. నిలువు గీతకు ఇది గాని అది గాని అని అర్థం. వ్యాకరణ పాఠం శ్రద్ధగా విన్న విద్యార్థి ఇటువంటి అమరికలను తానే తయారు చేసుకోగలడు.

ఈ పని ఎంత జాగ్రత్తగా చేయాలో మన రాష్ట్ర చరిత్రలోనే రెండు సందర్భాలున్నాయి. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినప్పుడు హైదరాబాదులోని ఎన్నో పత్రాలలో రాష్ట్రం పేరు మార్చవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్ అన్నచోటల్లా తెలంగాణ అని మార్చమంటే, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది అన్న వాక్యం అబద్ధమవుతుంది. చిరునామాలో మార్చవలసిన మాట చరిత్రలో మార్చకూడదు. పైగా ‘ఆంధ్రప్రదేశ్‌లో’ అన్నచోట పొల్లు తరువాతి అదృశ్య గుర్తు ‘తెలంగాణ’ తరువాత మిగిలిపోతుంది. చదివేవారికి ఏ తేడా కనబడదు. ఆపైన ‘తెలంగాణలో’ అని వెతికేవారికి మాత్రం ఆ పంక్తి చిక్కదు.

రెండవ సందర్భం 2024లో వచ్చింది. ఆ ఏడు మార్చిలో రాష్ట్ర వాహనాల సంకేతం టీఎస్ నుండి టీజీగా మారింది. కొన్ని ప్రభుత్వ సంస్థల సంక్షిప్త నామాలు కూడా మారాయి. కాని అంతకుముందే నమోదైన వాహనాలకు పాత సంఖ్యలే కొనసాగాయి. ఈ ఒక్క నియమం తెలియక ఎవరైనా బీమా పత్రాల ఫైళ్లన్నింటిలో టీఎస్‌ను టీజీగా మార్చారనుకోండి. ఖైరతాబాదు కార్యాలయంలో టీఎస్ 09తో నమోదైన స్కూటరు కాగితం మీద టీజీ 09 అవుతుంది. అటువంటి బండి లోకంలో ఉండకపోవచ్చు, లేదా అది మరొకరిది కావచ్చు. పంజాగుట్ట కూడలిలో ప్రమాదం జరిగి ఆ యజమాని నిమ్స్‌లో పడుకొని ఉన్నప్పుడు, ఇంటివారు బీమా సొమ్ము కోసం తిరిగితే పత్రంలోని సంఖ్యకు, బండి పలక మీది సంఖ్యకు పొంతన కుదరదు. ఒక అక్షరం మారినందుకు ఒక కుటుంబం పడే యాతన అది. ఆంగ్లంలో స్టూడెంట్స్, రిజల్ట్స్ వంటి మాటల చివర కూడా ఇవే రెండక్షరాలు వరుసగా ఉంటాయి. పెద్ద అక్షరాలతో రాసిన శీర్షికలలో వాటి చివర జి వచ్చి చేరడం నవ్వు పుట్టించే విషయమే గాని, దానిని ఎవరైనా పట్టుకుంటారు. వాహన సంఖ్యను పట్టుకొనేవారు అరుదు.

మార్పు చేయడానికి ముందు గ్రెప్‌తో మార్చబోయే పంక్తులన్నీ చూడాలి. ఆ తరువాత సెడ్ ఫలితాన్ని వేరొక ఫైలులోకి పంపాలి. అదే ఫైలులోకి మళ్లించితే, సెడ్ చదవడం మొదలుపెట్టక ముందే యంత్రం ఆ ఫైలును ఖాళీ చేస్తుంది. పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. ఉన్న ఫైలునే దిద్దే ‘ఐ’ అనే సంకేతం సెడ్‌కు ఉంది. దాని పక్కన ఒక తోక పేరు చేర్చితే పాత ప్రతి ఆ పేరుతో భద్రంగా మిగులుతుంది. చేర్చకపోతే వెనుకకు తీసుకొనే వీలు లేదు. చివరకు డిఫ్ అనే సాధనంతో పాత, కొత్త ఫైళ్లను పోల్చి తేడాలను కంటితో చదవాలి. సి.పి. బ్రౌన్ వేమన పద్యాల వ్రాతప్రతులను పండితులతో పోల్చి చూపించినప్పుడు చేసిన పని ఇటువంటిదే. మంచి పరిష్కర్త తనకు నచ్చని పాఠాన్ని చెరిపివేయడు. పాఠాంతరంగా పుట అడుగున ఉంచుతాడు.

రెండు మాటలను ఒకదాని స్థానంలో ఒకటి నిలపాలన్నప్పుడు మూడవ మాట అవసరం. ఒక పట్టికలో అమీర్‌పేట, పంజాగుట్ట తారుమారయ్యాయనుకోండి. ముందు అమీర్‌పేటను పంజాగుట్టగా మార్చితే అంతా పంజాగుట్టే అవుతుంది. ఏది పాతదో ఇక తెలియదు. రెండు చెంబులలోని పాలు, నీళ్లు మార్చుకోవడానికి మూడవ చెంబు కావలసినట్లు, ఫైలులో ఎక్కడా లేని ఒక గుర్తును నడుమ వాడుకోవాలి.

1990లలో, 2000ల తొలి సంవత్సరాలలో డి.టి.పి. కేంద్రాలలో కూర్చిన తెలుగు ఫైళ్లలో చాలావరకు యూనికోడ్ కావు. అచ్చులో తెలుగు కనిపిస్తుంది, లోపల మాత్రం రోమను అక్షరాల సంకేతాలే ఉంటాయి. అటువంటి ఫైలులో గ్రెప్‌తో ఏ తెలుగు మాట వెతికినా దొరకదు. వాటిని యూనికోడ్‌లోకి తేవడమంటే వందల ఆదేశాలను వరుసగా నడపడమే. అందులోనూ క్రమం ముఖ్యం: నాలుగు సంకేతాలు కలిసి ఏర్పడే అక్షరాన్ని ముందు మార్చాలి, ఒక్క సంకేతంతో ఏర్పడే దానిని తరువాత మార్చాలి. తారుమారైతే పెద్దది ముక్కలై పోతుంది. అలా మారిన పుటలను అచ్చుకు పంపే ముందు తెలుగు వచ్చిన ఒకరు కూర్చొని మొదటి పంక్తి నుండి చివరి పంక్తి వరకు చదవవలసిందే.